జైహింద్ మాట ఇచ్చిన మన నగరం బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ

ప్రతి ఏడాది ఆగస్టు 15న, జనవరి 26న మన హాస్టల్ ముందు జెండా ఎగరేస్తాం. ముందురోజు రాత్రే చిన్న తమ్ముళ్లు రంగుకాగితాలు కత్తిరించి, గోధుమపిండి ఉడకబెట్టి జిగురు చేసి, దారాలకు అతికించి కడతారు. వార్డెన్ సారు జెండా తాడు లాగగానే పూలు రాలతాయి. జనగణమన అయిపోయాక అందరం గొంతు చించుకుని మూడుసార్లు జైహింద్ అంటాం. ఆ తర్వాత మా చూపులన్నీ లడ్డూల పళ్లెం మీదే ఉంటాయన్నది మీ అందరికీ తెలిసిన రహస్యమే.

ఒకసారి స్టడీ అవర్‌లో ఇంటర్ చదివే తమ్ముడొకడు మమ్మల్ని అడిగాడు, ఈ జైహింద్ అనే మాట మొదట ఎవరు అన్నారన్నా అని. నేతాజీ అని ఠక్కున చెప్పేశాం. గదిలో ఉన్నవాళ్లందరూ అదే అన్నారు. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ అలాగే చదువుకున్నాం. తర్వాత అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది, మేము చెప్పింది సగమే నిజమని. ఆ మాటను లోకమంతా వినేలా చేసినవారు నేతాజీ. దాన్ని తయారుచేసి నేతాజీ చేతికిచ్చిన వ్యక్తి మన హైదరాబాదువాడు. ఈ గౌరవం చెంపకరామన్ పిళ్లైకి దక్కాలనేవారు కూడా ఉన్నారు. కానీ ఆజాద్ హింద్ ఫౌజు పలకరింపుగా ఈ మాటను ఇచ్చినవారు ఆబిద్ హసన్ అనే ఎక్కువమంది రాశారు.

నయాపూల్ దాటి లైబ్రరీకి రోజూ నడిచి వెళ్లే మేము, ఇన్నేళ్లూ మన ఊరి మనిషిని తెలుసుకోలేకపోయామే అని సిగ్గుపడ్డాం. ఆ సిగ్గు తీర్చుకోవడానికే ఈ వ్యాసం. వార్షికోత్సవ సంచికలో సినిమా కబుర్లు, కవితలు చదివే తమ్ముళ్లు ఈ నాలుగు పేజీలు కూడా ఓపికగా చదవాలని కోరుతున్నాం.

పుట్టిన ఇల్లు

ఆబిద్ హసన్ 1911లో హైదరాబాదులో పుట్టారు. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనం బట్టలు కొనడానికి వెళ్లే ఆబిడ్స్‌కు ఈయన పేరే పెట్టారేమోనని మొదట మేమూ అనుకున్నాం. అది తప్పు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన దుకాణం వల్ల ఆ చోటికి ఆ పేరు వచ్చింది. మన కథలోని ఆబిద్ వేరు.

ఆయన కలిగిన కుటుంబంలోనే పుట్టారు. మనలాగ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని సీటు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి కాదు. అయితే ఆ ఇంట్లో డబ్బుతో పాటు ఇంకో ఆస్తి కూడా ఉంది. ఆయన తల్లి ఫక్రుల్ హాజియా బేగం గట్టి దేశభక్తురాలు. నిజాం రాజ్యంలో, అందులోనూ రెసిడెన్సీ నీడలో కాంగ్రెస్ మాట పైకి అనడానికే భయపడే రోజుల్లో ఆమె విదేశీ బట్టలను తగలబెట్టించారు. అన్న బద్రుల్ హసన్ గాంధీజీ దగ్గర యంగ్ ఇండియా పత్రిక పనిలో ఉన్నారు. అలాంటి ఇంట్లో పెరిగిన ఆబిద్ కూడా కుర్రతనంలోనే సబర్మతి ఆశ్రమం దారి పట్టారు.

ఆ రోజుల్లో పెద్దింటి పిల్లలు పైచదువుకు ఇంగ్లండు వెళ్లేవారు. తిరిగొస్తే పెద్ద ఉద్యోగం ఖాయం. ఆబిద్ మాత్రం మనల్ని ఏలుతున్న దేశానికి పోయి చదవడం ఇష్టం లేక ఇంజనీరింగ్ కోసం జర్మనీ వెళ్లారు. ఎక్కడ చదవాలనే విషయంలో కూడా ఒక పట్టుదల ఉండొచ్చని ఈయన్ని చూస్తే తెలుస్తుంది.

చదువా, దేశమా

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. కలకత్తాలో గృహనిర్బంధం నుంచి 1941 జనవరిలో తప్పించుకున్న సుభాష్ చంద్రబోస్, కాబూల్, మాస్కోల మీదుగా ఏప్రిల్ నాటికి బెర్లిన్ చేరారు. అక్కడున్న భారతీయ విద్యార్థులను పిలిచి మాట్లాడారు. వారిలో ఆబిద్ ఒకరు. చదువు చివరికొచ్చింది, పూర్తిచేసి వచ్చి మీతో కలుస్తానన్నది ఆయన మొదటి ఆలోచన. అలాంటి లెక్కలతో పెద్ద పనులు సాగవన్న అర్థం వచ్చేలా బోస్ చెప్పారట. ఆబిద్ ఆలోచించుకుని పుస్తకాలు మూసేశారు. బోస్ దగ్గర కార్యదర్శిగా, దుబాసీగా చేరిపోయారు.

ఈ ఒక్క చోట మేము చాలాసేపు ఆగిపోయామని ఒప్పుకోవాలి. మా ఇంట్లో డిగ్రీ పట్టా ముఖం చూసిన మొదటి తరం మేమే. మాకు ముందు ఎవరికీ సంతకం కూడా సరిగా రాదు. మా అమ్మ ఆ పట్టాను ప్లాస్టిక్ కవరులో పెట్టి, బియ్యం డబ్బా మీద, ఎలుకలు అందుకోని చోట దాచింది. అలాంటి చదువును సగంలో వదిలేయమని ఎవరైనా, ఎంత గొప్పవారైనా అడిగితే మేము వదులుతామా? నిజం చెప్పాలంటే వదలం. మా అమ్మ మొహం గుర్తొస్తుంది. చదువు వదిలినా తిండికి లోటు లేని ఇంటి బిడ్డ ఆబిద్. మా సంగతి అది కాదు. అందుకని ఆయన త్యాగం చిన్నదైపోదు. మన భయం తప్పూ కాదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకునే ఆయన్ని గౌరవిస్తున్నాం.

ఒకే పలకరింపు

ఉత్తర ఆఫ్రికా యుద్ధంలో జర్మన్లకు, ఇటాలియన్లకు పట్టుబడిన భారతీయ సైనికులు వేలమంది జర్మనీ శిబిరాల్లో ఉండేవారు. వారిలోంచి బోస్ ఒక దళాన్ని తయారుచేశారు. బ్రిటిష్ సైన్యంలో మనవాళ్లను కులానికో, మతానికో కంపెనీగా విడగొట్టేవారు. ఎవరి వంట వారిదే. ఎవరి నీళ్ల కుండ వారిదే. బోస్ ఆ పద్ధతి తీసేసి అందర్నీ కలిపారు. ఆ పనిలో శిబిరాల చుట్టూ తిరిగినవారిలో ఆబిద్ ముఖ్యులు.

సిపాయిలు ఒకరికొకరు ఎదురైతే ఒకరు రామ్ రామ్ అనేవారు, ఒకరు సలాం అనేవారు, ఒకరు సత్ శ్రీ అకాల్ అనేవారు. పలకరింపులోనే వేరువేరుగా ఉన్నవారు యుద్ధంలో ఒకటిగా ఎలా నిలబడతారు? అందరికీ పనికొచ్చే మాట ఒకటి వెతకమని బోస్ ఆబిద్‌కు చెప్పారు. ఆబిద్ మొదట హలో అని సూచిస్తే బోస్ కసురుకున్నారని చెబుతారు. తర్వాత రాజపుత్ర సిపాయిలు జై రామ్‌జీ కీ అనుకోవడం ఆయన చెవిన పడింది. ఆ వరసలోనే జై హిందుస్తాన్ కీ అని అల్లారు. నోటికి పొడవుగా ఉండడంతో అది కుదించుకుని జైహింద్ అయింది. రెండక్షరాలకు కాస్త ఎక్కువ. మూటలా కట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. తెలుగువాడి నోట, తమిళుడి నోట, పఠాన్ నోట ఒకేలా పలుకుతుంది.

అక్కడి నుంచి ఆ మాట ఎంత దూరం పోయిందో చూడండి. 1947 ఆగస్టు 15న తపాలా శాఖ వేసిన ప్రత్యేక ముద్రలో జైహింద్ ఉంది. అదే ఏడాది నవంబర్ 21న స్వతంత్ర భారతదేశం విడుదల చేసిన మొట్టమొదటి తపాలా బిళ్ల మీద జెండా బొమ్మ పక్కన జైహింద్ ఉంది. ఇప్పటికీ మన సైనికులు, పోలీసులు అదే మాటతో పలకరించుకుంటారు.

సఫ్రానీ అనే పేరు వెనక కూడా ఒక కథ ఉంది. జెండా రంగు విషయంలో సిపాయిల్లో వాదన వచ్చిందట. హిందువులు కాషాయం కావాలన్నారు. ముస్లింలు ఆకుపచ్చ కావాలన్నారు. కొన్నాళ్లకు హిందూ సిపాయిలు తమ పట్టు తామే వదులుకున్నారు. అది చూసి ఆబిద్ మనసు కదిలింది. మీరు వదిలిన రంగును నేను నా పేరులో మోస్తానన్నట్టుగా, కాషాయం అనే అర్థం వచ్చే సఫ్రానీ అన్న మాటను తన పేరు చివర చేర్చుకున్నారు. చనిపోయేదాకా ఆ పేరుతోనే ఉన్నారు. రంగుల పేరుతో వీధులు విడిపోయినప్పుడల్లా పాతబస్తీలో బతికే మాకు ఈ కథ గుర్తుకు రావాలి.

సముద్రం అడుగున మూడు నెలలు

1943 ఫిబ్రవరి 9న జర్మనీలోని కీల్ రేవు నుంచి యు-180 అనే జలాంతర్గామి బయలుదేరింది. అందులో ఇద్దరే భారతీయులు. ఒకరు బోస్. తన వెంట రావడానికి ఆయన ఎంచుకున్న ఒకే ఒక్క మనిషి ఆబిద్ హసన్. ఎక్కడికి పోతున్నారో బయలుదేరేముందు ఆబిద్‌కు తెలియదు.

మన గదిలో పదిమందిమి పడుకుంటేనే ఇరుకని వార్డెన్ సారుకు అర్జీలు పెడతాం. ఆ పడవలో నిటారుగా నడవడానికి కూడా చోటు లేదు. ఎక్కడ చూసినా డీజిల్ కంపు. దుప్పట్లకు, రొట్టెలకు కూడా అదే వాసన పట్టింది. ఆ తిండి బోస్‌కు సయించలేదు. ఆబిద్ పడవ అంతా వెతికితే ఒక సంచిలో బియ్యం, పప్పు దొరికాయి. గుడ్ల పొడి డబ్బా కూడా దొరికింది. ఇక ఆబిద్ వంటమనిషి అయ్యారు. బోస్ ఏమో ఆ పప్పన్నాన్ని జర్మన్ అధికారులకు కూడా పంచిపెట్టేవారు. ఉన్న కాస్త బియ్యం ఎక్కడ అయిపోతాయోనని ఆబిద్ దిగులుపడేవారట. నెల చివర మెస్ సరుకులు చూసుకునే మన వంటమాస్టరు దిగులు లాంటిదే అదీ.

వంట ఒక్కటే కాదు. బోస్ చెబుతుంటే ఆబిద్ రాసుకునేవారు. జపాన్ ప్రధానిని కలిస్తే ఏం అడగాలి, ఆయన ఏం అడగవచ్చు, దానికి ఏం చెప్పాలి అని ఇద్దరూ సాధన చేసేవారు. ఆడవాళ్లతో ఒక సైనికదళం పెట్టాలన్న ఆలోచన కూడా ఆ పడవలోనే పెరిగింది. తర్వాత అది ఝాన్సీరాణి దళమైంది. దారిలో ఏప్రిల్ 18న యు-180 కార్బిస్ అనే బ్రిటిష్ చమురు ఓడను ముంచింది. మండే సముద్రం మీద మనుషులు చచ్చిపోవడం ఎలా ఉంటుందో ఆబిద్‌కు అంత దగ్గరగా తెలిసింది.

ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దీవికి తూర్పున, హిందూ మహాసముద్రంలో జపాన్ జలాంతర్గామి ఐ-29 వచ్చి కలిసింది. సముద్రం అల్లకల్లోలంగా ఉంది. పడవలు దగ్గరికి రాలేవు. ఒకటి రెండు రోజులు ఎదురుచూసి, ఏప్రిల్ 28న రబ్బరు తెప్ప మీద తాడు పట్టుకుని ఇద్దరూ అలల్లో తడుస్తూ అటువైపు చేరారు. ఆ యుద్ధంలో ఒక దేశపు జలాంతర్గామి నుంచి ఇంకో దేశపు జలాంతర్గామికి నడిసముద్రంలో ప్రయాణికులు మారడం ఇదొక్కసారే జరిగిందంటారు. జపాన్ నావికులు వీళ్ల కోసం ముందే పినాంగ్‌లో మన మసాలా దినుసులు కొనిపెట్టుకుని, కూర వండిపెట్టారు. మే నెల మొదట్లో సుమత్రా దగ్గరి సబాంగ్ చేరారు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేం. ఈ ఇద్దరినీ క్షేమంగా దాటించిన రెండు పడవలూ తర్వాత మునిగిపోయాయి. 1944 జులై 26న ఫిలిప్పీన్స్‌కు ఉత్తరాన ఐ-29ను అమెరికా జలాంతర్గామి సాఫిష్ ముంచింది. మరుసటి నెలలోనే యు-180 ఫ్రాన్స్ పక్కన బిస్కే అఖాతంలో మునిగింది. అందులో ఉన్న 56 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఎక్కువమంది మా వయసువాళ్లే అయివుంటారు. వాళ్లు మన శత్రువులా, మిత్రులా అన్న ప్రశ్న పక్కన పెడదాం. ఇంటికి రాని కొడుకు కోసం గుమ్మంలో కూర్చున్న తల్లి ఏ దేశంలోనైనా తల్లే.

ఇంఫాల్ దారి

1943 జులై 4న సింగపూర్‌లో బోస్ నాయకత్వం తీసుకున్నారు. అక్టోబర్ 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. రవీంద్రుని జనగణమనను సిపాయిలందరికీ అర్థమయ్యే హిందుస్తానీలోకి మార్చే పనిలో ముంతాజ్ హుసేన్‌తో పాటు ఆబిద్ చెయ్యి కూడా ఉంది. దానికి బాణీ కట్టినవారు కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకూర్.

1944లో ఫౌజు బర్మా దాటి ఇంఫాల్ వైపు కదిలింది. ఆబిద్ ఆఫీసు బల్ల దగ్గర కూర్చోలేదు, ఆ ముందు వరసకు పోయారు. ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగిరింది. ఆ తర్వాత వానలు వచ్చాయి. తిండి లేదు, మందులు లేవు, పైన బ్రిటిష్ విమానాలు. జులైలో వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఫౌజు మొదటి డివిజన్‌లో ఇంఫాల్ వైపు పోయినవారు దాదాపు 6,000 మంది. చరిత్రకారులు చెప్పే లెక్క ప్రకారం పోరులో చనిపోయింది సుమారు 400 మందైతే, ఆకలికి, మలేరియాకు, విరేచనాలకు పోయినవారు సుమారు 1,500 మంది. తూటా కన్నా తిండిలేమి నాలుగింతలు చంపింది. ఆకలి అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కరలేని మనకు ఈ లెక్క వేరే చెప్పాల్సిన పనిలేదు.

ఆ తిరుగుదారి గురించి ఆబిద్ చాలా ఏళ్ల తర్వాత రాశారు. అందులో ఆయన తన వీరత్వం చెప్పుకోలేదు. తన గుంపులో ఎవరెవరున్నారో చెప్పారు. బలూచీ ఉన్నాడు, అస్సామీ ఉన్నాడు, సిక్కు, పఠాన్, గుజరాతీ, మలయాళీ, తమిళుడు ఉన్నారు. ఎవరి భాష, ఎవరి అలవాటు, ఎవరి దేవుడు వారికే ఉన్నా, బురదలో ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి నడిచారన్నది ఆయన చెప్పిన సారం. ఎవరూ తన పుట్టుక మరిచిపోలేదు, కానీ అది అడ్డం రాలేదు. మలయా రబ్బరు తోటల్లో కూలి చేసుకుంటూ ఫౌజులో చేరిన పేదలు కూడా ఆ దారిలో ఉన్నారు. ఊరు, పేరు ఎక్కడా చెక్కని వాళ్లు వాళ్లు.

ఈ పేజీ చదివినప్పుడు మా మెస్ కళ్ల ముందు కనిపించింది. మా ఊళ్లో ఒక టీకొట్టులో మా నాన్నకు వేరే గ్లాసు ఉండేది. తాగాక తనే కడిగి పెట్టాలి. ఆ కొట్టు పేరు, ఊరు పేరు ఎందుకులెండి. ఇంటర్‌లో ఈ హాస్టల్‌కు వచ్చిన మొదటి రాత్రి ఒకే గంగాళంలోంచి అందరికీ వడ్డిస్తుంటే, ఎవరూ ఎవరి పళ్లెం వైపు చూడకపోతే, అది మాకు కొత్తగా తోచింది. పలుచని సాంబారు అని తిట్టుకున్నాం గానీ, కలిసి తినడం ఎంత పెద్ద సంగతో అప్పుడు తెలియలేదు. బోస్, ఆబిద్ శిబిరాల్లో పెట్టిన ఉమ్మడి వంటశాల ఎంత పెద్ద సంగతో ఇప్పుడు తెలుస్తోంది.

అటువైపు కూడా మనవాళ్లే

మిత్రులారా, ఒక్క వైపే చెప్పి ముగిస్తే అది చరిత్ర కాదు. బోస్ సాయం అడిగిన జర్మనీ ఆ రోజుల్లోనే లక్షల మంది యూదులను చంపుతున్న జర్మనీ. జపాన్ సైన్యం ఆసియా దేశాల్లో చేసిన ఘోరాలు తక్కువ కాదు. అదే కాలంలో మన బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యులు. నాజీలు గెలిస్తే ప్రపంచానికీ, భారతదేశానికీ చేటేనని ఆయన నమ్మారు. వెనక తీసేసిన మహార్ రెజిమెంటు 1941లో మళ్లీ ఏర్పడింది. నిజాం సైన్యానికి చెందిన 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ 1941 డిసెంబర్‌లో మలయాలోని కోటా భారు దగ్గర జపాన్‌వారికి ఎదురు నిలవడానికి పోయింది. అంటే హైదరాబాదువాళ్లు ఆ సముద్రం అవతల రెండు వైపులా ఉన్నారు.

అంబేద్కర్ బొమ్మ గోడ మీద ఉన్న హాస్టల్లో కూర్చుని ఆబిద్ హసన్ గురించి రాయడం ఎలా కుదురుతుందని మాలో మేము వాదించుకున్నాం. రాత్రి రెండింటిదాకా సాగిన ఆ వాదనలో చివరికి ఒక దగ్గరికి వచ్చాం. ఎవరి పక్కన నిలబడి పోరాడాలన్న దాంట్లో ఆ ఇద్దరి దారులు వేరు. మనిషిని పుట్టుకతో విడగొట్టకూడదన్న దాంట్లో కాదు. ఒకరిని మెచ్చుకోవాలంటే ఇంకొకరిని దించాల్సిన పనిలేదు. ప్రశ్న అడుగుతూనే గౌరవించడం బాబాసాహెబ్ మనకు నేర్పిన చదువే.

రెండే సీట్లు

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. బోస్ తన కొద్దిమంది సహచరులతో సైగాన్ చేరారు. వారిలో ఆబిద్ ఉన్నారు. ముందుకు పోయే విమానంలో రెండే సీట్లున్నాయని జపాన్ అధికారులు చెప్పారు. బోస్ వెంట హబీబుర్ రహమాన్ ఎక్కారు. ఆబిద్, ఎస్.ఎ. అయ్యర్, దేబ్‌నాథ్ దాస్ తదితరులు నేల మీదే ఉండిపోయారు. ఆగస్టు 18న తైవాన్‌లో ఆ విమానం కూలింది. మూడు నెలలు సముద్రం అడుగున నీడలా వెంట ఉన్న మనిషికి ఆఖరి ప్రయాణంలో చోటు దొరకలేదు. బతికిపోయానని సంతోషించాడో, వెంట లేకపోయానని కుమిలిపోయాడో ఆ మనసుకే తెలియాలి.

తర్వాత బ్రిటిష్ వారి నిర్బంధం. 1945 నవంబర్‌లో ఎర్రకోటలో ఫౌజు అధికారుల మీద విచారణ మొదలవడంతో దేశమంతా కదిలింది. తన బిడ్డ ఒక్కడి కోసమే కాక ఫౌజు బిడ్డలందరి విడుదల కోసం ఆబిద్ తల్లి గొంతెత్తారు. ఆబిద్ విడుదలై ఇంటికి వచ్చారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన విదేశాంగ శాఖలో చేరి దేశదేశాల్లో పనిచేశారు. డెన్మార్క్‌లో మన రాయబారిగా ఉన్నారు. ఒకప్పుడు పాస్‌పోర్టు దాచుకుని, జలాంతర్గామిలో దొంగచాటుగా సముద్రాలు దాటిన మనిషి, దేశం జెండా పెట్టుకున్న కారులో రాయబారిగా తిరిగారు. 1969లో పదవీ విరమణ చేసి మళ్లీ మన హైదరాబాదుకే వచ్చేశారు. ఢిల్లీలో ఉండిపోలేదు, పదవుల కోసం ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. నగరం అంచున పొలం చూసుకుంటూ బతికారు. 1984లో కన్నుమూశారు. బోస్ కుటుంబంతో ఆ ఇంటికి చుట్టరికం కూడా కలిసింది. ఆయన అన్న కూతురు సురయ్యా హసన్, బోస్ అన్న కొడుకు అరబిందో బోస్‌ను పెళ్లి చేసుకున్నారు. హిమ్రూ, మష్రూ నేత బట్టలను మళ్లీ బతికించిన సురయ్యా హసన్ బోస్ ఆమే. 2021లో ఆమె కూడా వెళ్లిపోయారు.

తమ్ముళ్లకు ఒక మాట

ఈ హాస్టల్‌లో సీటు వచ్చిందని చెప్పినప్పుడు మా ఊళ్లో పెద్దలు పాతబస్తీనా, జాగ్రత్త అన్నారు. మా అమ్మ భయపడింది. ఇన్నేళ్లలో ఇక్కడ మాకు అప్పిచ్చిన కిరాణా కొట్టాయన, జ్వరమొస్తే ఆటోలో ఉస్మానియా ఆసుపత్రికి తీసుకుపోయి డబ్బు తీసుకోని డ్రైవరన్న, రంజాన్ నెలలో పిలిచి హలీం పెట్టిన పక్కింటివాళ్లు, అందరూ ఈ పాతబస్తీ మనుషులే. ఊళ్లో మాకు దొరకని గ్లాసు ఇక్కడి ఇరానీ హోటల్లో దొరికింది. అందరూ తాగిన గ్లాసే అది. ఈ నగరం నుంచే ఆబిద్ హసన్ లాంటివాడు పుట్టాడంటే మాకు ఇప్పుడు ఆశ్చర్యం లేదు.

దేశం కోసం పరాయి గడ్డ మీద పోరాడి చనిపోయినవారిలో పేరు మిగిలినవారు కొందరే. ఆబిద్ హసన్ బతికి వచ్చారు కాబట్టి రాయగలిగారు. రాలేకపోయిన ఆ 1,500 మంది ఆకలి చావుల లెక్క మనకు అందుతోందంటే, అలా బతికి వచ్చిన వాళ్లు నోరు విప్పబట్టే. ముందు చదువుకున్నవాడు వెనక మిగిలినవారి మాట రాయాలి. మా ఇళ్లలో మొదట అక్షరం దిద్దిన మాకు ఆ పని ఇంకా ఎక్కువగా ఉంది.

అందుకని తమ్ముళ్లూ, వచ్చే ఆగస్టు 15న జెండా ఎగిరాక జైహింద్ అనేటప్పుడు లడ్డూల పళ్లెం వైపు కాస్త ఆలస్యంగా చూడండి. ఎదుటివాడి కులం, మతం అడగకుండా పలకరించడానికి మన ఊరి మనిషి ఒకరు తయారుచేసిన మాట అది. నోటితో అన్నంత తేలిక కాదు దాని బరువు. పక్క మంచం మీద పడుకునే వాడితో మొదలుపెడితే చాలు.

హాస్టల్ విడిచి వెళ్లిన అన్నలకు, అక్కలకు, ఉన్న తమ్ముళ్లకు వార్షికోత్సవ శుభాకాంక్షలు.

జైహింద్. జై భీమ్.